గార్డు ప్రార్థనకి వచ్చాడు

6 నవంబరు 2001, మంగళవారం

గార్డు పడిపోయాడు.

మెట్లెక్కుతూ కాదు, దిగుతూ కాదు. చదునైన చోట, నీళ్ళ తొట్టి పక్కన నిలబడ్డవాడు నిలబడ్డట్టే వెనక్కి కూర్చుండిపోయాడు. లేవబోయాడు. నడుము రాలేదు. ఎవరో వెనక నుంచి పట్టుకున్నారేమో అన్నట్టు తిరిగి చూసుకున్నాడు. ఎవరూ లేరు. అప్పుడు నా వైపు చూశాడు.

చేతిలో చెంబు చేతిలోనే ఉంది. చెల్లెలు రత్నాలు వచ్చి, "ఏటి పెద్దక్కా, తొట్టి నిండి పారిపోతంది, అలా సూత్తన్నావు?" అంటే తెలిసింది, ఎంతోసేపు నిలబడ్డానని.

పదమూడేళ్ళు మూడు కాళ్ళతో తిరిగినవాడు. ఇనుప రాయి మోసే గూడ్సు కింద ముందు ఎడమ కాలు పోయేనాటికి ఏడాది కుక్కపిల్ల. కట్టు కట్టింది నేనే. గూడ్సునే ఆపబోయాడు కదా అని తమ్ముడు రవిబాబు గార్డు అని పేరు పెట్టాడు. వెనక కాళ్ళు రెండూ ఇనుమని చెప్పుకునేవాళ్ళం.

ప్రార్థన చేశాను.

7 నవంబరు

లేవలేదు.

8 నవంబరు, గురువారం

మధ్యాహ్నం లేచాడు. నాలుగడుగులు. వెనక కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి, తాగినవాడికిలాగ. పాదం బోర్లా పడి గోళ్ళు నేలకి రాస్తున్నాయి. అది వాడికి తెలియడం లేదు.

నువ్వుల నూనె కాచి నడుముకి రాశాను. గట్టిగా నొక్కినా అరవలేదు. అరిస్తే బాగుండును.

9 నవంబరు, శుక్రవారం

సంతలో పశువుల ఆసుపత్రి కాంపౌండరు తాతారావు కనిపిస్తే రత్నాలు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసింది.

ఆయన కట్టెల పాకలో గార్డు పక్కన గొంతుక్కూర్చుని వెనక వేలు చిమటాతో గట్టిగా నొక్కాడు. గార్డు ఆయన ముఖం చూస్తూ చెవులు ఆడించాడు. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసినదాన్ని. ఆ నొక్కుడు ఎందుకో నాకు తెలుసు. పాక గుంజ పట్టుకున్నాను.

"ముసలితనం అమ్మా. ఎన్నుపూస కాడ నరం నలిగిపోనాది. ముందు ఒక్క కాలుతో ఇన్నాళ్ళు లాగినాడంటే అదే గొప్ప. ఉంచుకుంటే సాకిరీ. వద్దనుకుంటే ఒక్క సూది, నిద్రలాగ పోతాడు. ఇంట్లో మాటాడుకుని కబురెట్టండి."

ఆయన వెళ్ళాక రవిబాబు గోడ వైపు చూస్తూ అన్నాడు. "ఏయించీద్దాం పెద్దక్కా. ఆడి బాధ సూడలేం."

"రేపు నీ నడుం పడిపోతే నీకూ ఏయించీమా?" అంది రత్నాలు.

"నాకు మా కరెంటాఫీసోళ్ళు మెడికల్ ఖర్చులు ఇత్తారులే."

"నవ్వొచ్చే మాట కాదురా."

"నేను నవ్వుతున్నానేటి చిన్నక్కా?"

చివరికి రవిబాబే అన్నాడు. "సరే, వారం సూద్దాం. సోమారం నుంచి ఆదివారం దాకా. తెల్లారి నీ ప్రార్థనకి ఆడంతట ఆడు మెట్లెక్కొస్తే నేనింక ఆ మాట ఎత్తను. రాకపోతే తాతారావుకి కబురెడతాను."

రోజూ ఐదింటికి నేను వరండాలో కీర్తన ఎత్తుకోగానే గార్డు పాకలోంచి లేచి, పెరడు దాటి, మూడు మెట్లెక్కి వచ్చి నా చాప పక్కన పడుకుంటాడు. మొన్న మంగళవారం పడిపోయేదాకా పదమూడేళ్ళలో తప్పింది లేదు.

"సరే" అన్నాను. మాట ఇచ్చాను. నేను ఇచ్చిన మాట తప్పనని వాళ్ళిద్దరికీ తెలుసు.

12 నవంబరు, సోమవారం

రాలేదు.

13 నవంబరు

రాలేదు. కీర్తన రెండుసార్లు పాడాను, పాక వైపు తిరిగి, కొంచెం గొంతు పెంచి. పెరట్లో కంకర మీద ఏదో చప్పుడైంది. పిల్లి అయ్యుంటుంది. మంచులో ఏమీ కనిపించలేదు.

14 నవంబరు, బుధవారం

వచ్చాడు.

తలుపు తీసేసరికి వరండాలో ఉన్నాడు. ఎప్పుడూ పడుకునే చోట, గోనెపట్టా మీద. నన్ను చూసి చెవులు ఆడించాడు. దీపం కింద పెట్టి నేనూ కింద కూర్చుండిపోయాను. అక్కడే కీర్తన ఎత్తుకున్నాను.

రత్నాలు కళ్ళు నులుముకుంటూ వచ్చింది. "గోనెపట్టా కూడా తనే తెచ్చుకున్నాడేటి?"

"వాడి పక్క కదా. పళ్ళతో లాక్కుని వచ్చుంటాడు."

రత్నాలు నా ముఖంలోకి చూసింది. "అయ్యుంటాదిలే" అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

15 నవంబరు

వచ్చాడు.

16 నవంబరు

వచ్చాడు. పగలు లేవడం లేదు. తెల్లారకుండా అంత కష్టపడినవాడు పగలు ఏం లేస్తాడు. రవిబాబు కాఫీ దగ్గర ఆవలిస్తున్నాడు. ఆరింటికి గానీ లేవనివాడు. నిద్ర చాలడం లేదా అంటే చలి అన్నాడు.

17 నవంబరు, శనివారం

రాత్రి తుంపర. మెట్లు తడిసి ఉన్నాయి. మెట్ల మీద అడుగులు లేవు. గార్డు పాదాలు పొడిగా ఉన్నాయి.

ప్రభువు చేసే పనికి అడుగులు వెతకడమేమిటి.

18 నవంబరు, ఆదివారం

గడువు పూర్తయింది. ఐదు రోజులు వచ్చాడు.

గుడిలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాను. నేను లేవడం ఎవరూ ఎరగరు. పాస్టరు అయ్యగారు కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. నేను చెప్పింది ఇంతే: "మా కుక్క పడిపోయింది. దానికి స్పర్శ కూడా పోయింది. మందు లేదన్నారు. ప్రార్థన చేశాను. దానంతట అది లేచి ప్రార్థనకి వస్తోంది. ప్రభువుకి స్తోత్రం."

ముందు వరసలో పిల్లలు కిసుక్కున నవ్వారు. కొండ మీది ఊరు నుంచి నడిచి వచ్చే అచ్చియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నోరు లేని జీవాన్ని కూడా ఆయన మరిచిపోడని అయ్యగారు ఇంకో పావుగంట చెప్పారు.

రవిబాబు వెనక వరసలో తల వంచుకుని ఉన్నాడు. ప్రార్థనలో ఉన్నాడనుకున్నాను.

దారిలో అన్నాడు, "అందరి ముందూ సెప్పాలేటి పెద్దక్కా?"

"చెప్పకుండా ఎలా ఉంటానురా?"

వాడు రాయిని కాలితో తన్నుకుంటూ ఇంటిదాకా వచ్చాడు, చిన్నప్పటిలాగ.

20 నవంబరు, మంగళవారం

అచ్చియమ్మ మేకని భుజాల మీద వేసుకుని వచ్చింది.

"ఇదీ కాలు వాల్చీసింది అమ్మా. నువ్వు కుక్కకి పాడిన పాట ఏదో నాకూ నేర్పు."

పాటలో ఏమీ లేదని చెప్పబోయాను. ఆవిడ అప్పటికే చాప మీద కూర్చుంది. మూడు చరణాలూ నేర్పించాను. మేక మధ్యమధ్య అరిచింది. వెళ్ళేటప్పుడు గార్డుకి దండం పెట్టి వెళ్ళింది.

"మనింటికి తీర్థమొచ్చీసినాది" అంది రత్నాలు.

21 నవంబరు

వచ్చాడు. రవిబాబు లైను పని మీద సీలేరు వెళ్ళాడు. రెండు రోజులు.

22 నవంబరు

రాలేదు. చలి మరీ ఎక్కువగా ఉంది.

23 నవంబరు, శుక్రవారం

ఐదు కీర్తనలు పాడాను. గొంతు పోయింది. వెలుగు వచ్చాక చూస్తే మెట్ల కింద ఉన్నాడు, మొదటి మెట్టు మీద గడ్డం ఆన్చి. ఇంతదాకా వచ్చాడు. స్తోత్రం. రత్నాలూ నేనూ ఎత్తి వరండాలో పడుకోబెట్టాం.

కడుపు కింద చర్మం లేచిపోయి ఉంది. అక్కడక్కడ రక్తం. ఒక్కవైపే పడుకోవడం వల్ల పడక పుండు మొదలవుతోంది. వేపనూనెలో పసుపు కలిపి రాశాను.

రత్నాలు కంకర వైపు ఓసారి చూసి పసుపు గిన్నె లోపలికి తీసుకెళ్ళింది.

24 నవంబరు

రవిబాబు నిన్న సాయంత్రం వచ్చేశాడు. ఈవేళ గార్డు వచ్చాడు. చలి తగ్గినట్టుంది.

27 నవంబరు, మంగళవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఐదింటికి తలుపు తీశాను. వరండాలో గార్డు లేడు. చాప పరిచాను, దీపం పెట్టాను, కీర్తన ఎత్తుకున్నాను. మొదటి చరణం అయింది. రెండోదానికి గొంతు పెంచాను. కంకర మీద చప్పుడు వినిపించింది. వస్తున్నాడు అనుకున్నాను. మూడో చరణం ఇంకా గట్టిగా పాడాను.

మంచులోంచి వచ్చాడు. నడిచి కాదు.

ఉన్న ఒక్క ముందు కాలూ కంకరలో గుచ్చి, ఒళ్ళంతా దాని మీదికి లాక్కుంటున్నాడు. నడుము నుంచి వెనక అంతా మూటలాగ ఈడ్చుకొస్తోంది. వానాకాలం బురదని రవిబాబు రైలు కట్ట నుంచి తెచ్చి పోసిన కంకర అది, అన్నీ పదునంచు రాళ్ళు. ఒక్క లాగుడికి జానెడు. ఆగుతాడు. నా గొంతు వచ్చే వైపు చూస్తాడు. మళ్ళీ లాగుతాడు.

వెనక గది తలుపు ధడాలున తెరుచుకుంది. రవిబాబు బనీనుతో, చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"ఆపు పెద్దక్కా! ఆ పాట ఆపు! నువ్వు పాడతంటే ఆడు ఆగడు!"

నా తమ్ముడు నా మీద గొంతెత్తడం అదే మొదటిసారి. ఆపాలని తెలుసు. నోరు ఆగలేదు. నేను చూస్తూనే ఉన్నాను, నోరు ఇంకో రెండు పంక్తులు పాడేసింది.

వాడు గార్డుని రెండు చేతులతో చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తుకున్నాడు. బనీను ఎర్రబడింది. మెట్లెక్కి వచ్చి గార్డుని నా చాప మీదే పడుకోబెట్టాడు. ఆ ఎత్తుకోవడంలో కొత్త లేదు. గార్డు తల వాడి మోచేతి వంపులోకి తనంతట తానే వెళ్ళింది. అది చూశాను. అప్పుడు తెలిసింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"రెండో రోజు నుంచే. నీ పాట ఇని కంకర మీద సగం దూరం ఈడ్చుకొచ్చీసినాడు. మంచులో నీకు కనపళ్ళేదు. నేను ఎత్తుకెళ్ళి పాకలో పడుకోబెట్టేను. మర్నాటి నుంచి నువ్వు లెగకముందే తెచ్చి ఇక్కడెట్టీసేవోణ్ణి. ముందే ఇక్కడుంటే మరి ఈడ్చుకోడు కదా. ఈయాల మెలకువ రాలేదు."

"నాకు చెప్పకూడదా?"

"ఏటని సెప్తాను? ప్రార్థన మానీమని సెప్తానా నీకు?" గార్డు కడుపుకి అంటిన రాళ్ళు ఏరుతూ అన్నాడు. "సెప్తే తాతారావుకి కబురెట్టమంటావు. మాటంటే మాటే కదా నీకు."

సూది వేయించమన్నవాడు వాడే కదా. ఆ మాటే అడిగాను.

"అన్నాను. అనీడం వేరు" అన్నాడు.

28 నవంబరు

దీపం పెట్టలేదు. చాప పరవలేదు.

గార్డు ఐదింటి నుంచి చెవులు నిక్కించుకుని నా తలుపు వైపే చూస్తున్నాడట. రత్నాలు చెప్పింది.

29 నవంబరు, గురువారం

రత్నాలుకి మొదటి రోజే తెలుసట. "ఆడి సొక్కాకి బొచ్చు ఉతికేదాన్ని నేనే కదా. సెప్తే నీ నమ్మకం పోద్దని సెప్పలేదు."

అయితే నాకొక్కదానికే తెలియదు.

కాదు. అది కూడా అబద్ధమే. ముప్ఫై ఏళ్ళు పుళ్ళు కడిగిన చేతులు ఇవి. పడక పుండు ఎముక ఉన్నచోట వస్తుంది, తుంటి మీద, భుజం మీద. కడుపు కింద రాదు. కడుపు కింద వచ్చేది ఒరుపు, నేలకి రాసుకుని చర్మం లేచిపోయేది. ట్రైనింగుకి వచ్చిన పిల్లలకి ఈ తేడా నేర్పినదాన్ని నేనే. ఆ శుక్రవారం నూనె రాస్తూ నా వేలికి ఒక రాతి పలుకు తగిలింది. తీసి పారేశాను. పడక పుండు అని రాశాను.

వాడు రాలేదు. ఒక్క రోజూ రాలేదు.

30 నవంబరు, శుక్రవారం

రవిబాబుతో అన్నాను, గడువు దాటిందని.

"నేను కబురెట్టను."

"మాట నీదే కదరా."

"నాదే. నేను తప్పుతున్నాను. ఏటి సేత్తావు?"

నేనే వెళ్ళాను పశువుల ఆసుపత్రికి. సోమవారం వస్తానన్నాడు తాతారావు. తిరిగి వచ్చేటప్పుడు సంత గుండా నడిచాను. ఎవరో పలకరించారు. ఏం జవాబు చెప్పానో తెలియదు.

2 డిసెంబరు, ఆదివారం

గుడిలో నిలబడ్డాను. పోయిన పద్దెనిమిదో తారీకున నేను చెప్పిన సాక్ష్యం నిజం కాదని చెప్పాను. కుక్క లేవలేదని, మా తమ్ముడు ఎత్తుకొచ్చి పడుకోబెట్టాడని, నేను చూసుకోలేదని. క్షమించమని అడిగాను.

ఈసారి పిల్లలు కూడా నవ్వలేదు. అది మరీ కష్టంగా ఉంది.

ఆడవాళ్ళ వైపు నుంచి అచ్చియమ్మ లేచింది. "అలాగంటే ఎలాగమ్మా? మా మేక లేచిందే మరి!"

అప్పుడు అందరూ నవ్వారు. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. మేక కాలిలో ముల్లేమైనా ఉందేమో చూశావా అని అచ్చియమ్మని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

రేపు సోమవారం.

3 డిసెంబరు, సోమవారం

తాతారావు పది గంటలకి వచ్చాడు. రవిబాబు డ్యూటీకని చెప్పి వెళ్ళాడు. వెళ్ళలేదు, గేటు అవతల స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు. రత్నాలు కోడికాళ్ళు ఉడికించి తెచ్చి గార్డుకి పెట్టింది. మొత్తం తిన్నాడు. గిన్నె నాకాడు.

"కాలు కాస్త పట్టుకోండమ్మా" అన్నాడు తాతారావు.

ఉన్నది ఒక్కటే ముందు కాలు. పట్టుకున్నాను. ఎందరి చేతులు ఇలా పట్టుకున్నానో లెక్కలేదు. ఏ చెయ్యీ కదలనివ్వలేదు. గార్డు లాక్కోలేదు. కంకరలో గుచ్చి గుచ్చి వాడి అరికాలు పగిలి అట్ట కట్టి ఉంది. నా అరచేతికి గరుగ్గా తగిలింది.

ఆయన సూది ఎత్తి గాలి తీశాడు.

నా చేతులు కాలు వదిలేశాయి.

"గట్టిగా పట్టుకోవాల" అన్నాడు.

"వద్దు" అన్నాను.

"ఏటమ్మా? మీరే కదా వొచ్చి పిలిసినారు."

"పిలిచాను. వద్దు."

ఆ మాట అన్నది నేనేనా అని నాకే తెలియలేదు. రత్నాలు వంట గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తాతారావు నన్నూ సూదినీ మార్చి మార్చి చూశాడు. నాకు యాభై ఆరేళ్ళు. ఇచ్చిన మాట తప్పడం ఎలా ఉంటుందో ఇవాళ్టిదాకా తెలియదు.

ఆయన కోప్పడలేదు. సూది పెట్టెలో పెట్టేసి, "అలాగైతే సాకిరీ రాసుకోండి" అన్నాడు. మూడు గంటలకోసారి పక్క మార్చాలి. కింద మెత్తగా ఎండుగడ్డి, రోజూ కొత్తది. ఉచ్చ దానంతటది రాకపోతే పొట్ట కింద మెల్లగా నొక్కాలి. ఆ నొక్కడం చూపించాడు. నిలబెట్టడానికి తువ్వాలు పొత్తికడుపు కిందనుంచి తీసి, రెండు కొసలూ నడుము పైకి పట్టుకుని ఎత్తాలి. రోజుకి రెండుసార్లు అలా నిలబెడితే ముందు కాలుకి సత్తువ పోదు. "ఆడికి బతకాలనుంది. అది పోయిన్నాడు మీకే తెలుస్తాది. అప్పుడు పిలండి."

పెరట్లో కంకర అంతా ఎత్తించెయ్యమని రవిబాబుకి చెప్పాను. సాయంత్రానికి సగం ఎత్తేశాడు.

అన్నం దగ్గర రత్నాలు అంది, "ఒక మాటంటే ఏటనుకోవు కదా. ఆసుపత్రిలో అన్నేళ్ళు మంచం మంచం కాడికీ నువ్వే ఎల్లేవు. ఏ రోగినీ నా కాడికి లెగిసి రా అనలేదు. కుక్కని మాత్రం మెట్లెక్కి రమ్మన్నావు."

నీళ్ళు తాగాను.

4 డిసెంబరు, మంగళవారం

చాపా దీపం పట్టుకుని మెట్లు దిగాను. కంకర తీసేసిన చోట మట్టి చల్లగా తగిలింది. పాక తలుపు తీయగానే గార్డు తల ఎత్తాడు. నేను వాడి దగ్గరికి రావడమేమిటో అర్థం కానట్టు నా వెనక్కి చూశాడు. ముందు కాలితో గడ్డిని టపటపా కొట్టాడు.

కీర్తన ఎత్తుకోగానే భయం వేసింది, మళ్ళీ ఒళ్ళు లాక్కుంటాడేమోనని. లాక్కోలేదు. నేను అక్కడే ఉన్నాను కదా.

రెండో చరణంలో రవిబాబు వచ్చాడు, నిద్ర కళ్ళతో, మెడలో తువ్వాలుతో. తువ్వాలు గార్డు పొత్తికడుపు కిందనుంచి తీసి ఎత్తి పట్టుకున్నాడు. గార్డు నిలబడ్డాడు. ముందు ఒక కాలు, వెనక తువ్వాలు. ఒళ్ళంతా వణుకుతోంది. అయినా నిలబడ్డాడు.

కీర్తన అయింది. కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. చెప్పుకోవలసింది చాలా ఉంది.

"పెద్దక్కా" అన్నాడు రవిబాబు మెల్లగా. "ఆమెన్ బేగి సెప్పు. సేతులు లాగేత్తన్నాయి."

బేగి చెప్పాను.